పెరూ సముద్రం వేడెక్కితే భీమవరంలో మేత బస్తా ధర ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న ఇది: “ప్రపంచ ఆర్థిక శక్తులు, పర్యావరణ శక్తులు కలిసి ఆధునిక ప్రపంచాన్ని తీర్చిదిద్దాయని పుస్తకాల్లో రాస్తారు. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, గ్రూప్స్ మెయిన్స్‌కి వ్యాసం రాయబోతే పెన్ను కదలదు. మన ప్రాంతంతో ముడిపడిన ఒక్క ఉదాహరణ తీసుకుని వివరంగా చెప్పగలరా?”

నేను చరిత్ర మాస్టారిని కాను. భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీలో ముడిసరుకు కొనే పనిలో ఇరవై రెండేళ్ళు ఉండి రిటైరయ్యాను. ఫిష్‌మీల్ (ఎండు చేపల పొడి), సోయా డీఓసీ (నూనె తీసిన సోయా చెక్క), గోధుమపిండి, చేపనూనె ఎప్పుడు కొనాలి, ఎంత నిల్వ పెట్టాలి అన్నదే నా ఉద్యోగం. చేరిన కొత్తలో మా పెద్ద మేనేజరు గారు పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పెరూ తీరంలో సముద్రపు నీటి వేడి ఎంత ఉందో చూసేవారు. “పెరూ ఎక్కడ, మన ఉండి ఊరు ఎక్కడ సార్?” అని నవ్వాను. “నవ్వవయ్యా. రెండు నెలలాగితే నాకంటే ముందు నువ్వే చూస్తావు” అన్నారు. రెండు నెలలు కూడా పట్టలేదు.

ఆ కుతూహలంతో చదువుతూ పోతే నూట యాభై ఏళ్ళ వెనక్కి, 1876 నాటి ధాత కరువు దాకా వెళ్ళాను. అందుకని నా దగ్గరున్న ఉదాహరణ ఆ ఒక్క సముద్రమే.

ముందు సమాధానం చెప్పేస్తాను. వాన ఎగ్గొట్టడం, సముద్రం వేడెక్కడం ప్రకృతి పని. ఆ దెబ్బ ఎవరి పొయ్యిని ఆర్పుతుందో, ఎవరి గల్లాపెట్టెను నింపుతుందో తేల్చేవి మాత్రం ధరలు, పన్నులు, అప్పులు, రైళ్ళు, ఓడలు. పుస్తకాల్లో ఈ రెంటికీ రెండు వేరు వేరు అధ్యాయాలు ఉంటాయి. మీ పెన్ను కదలకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

పెరూ తీరం చిత్రమైనది. ఒడ్డున వాన చుక్క ఎరగని ఎడారి. దాన్ని ఆనుకునే ప్రపంచంలోకెల్లా చేప ఎక్కువగా దొరికే నీళ్ళు. గాలులు పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా నెట్టేస్తుంటే, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకి వస్తాయి. ఆ నీళ్ళలో ఎరువుంటుంది. ఎరువుకి నాచు, నాచుకి ఆంకోవెటా అనే చిన్న చేప (మన నెత్తళ్ళ జాతే), ఆ చేపకి లక్షల్లో సముద్రపు పక్షులు. కొన్నేళ్ళకోసారి గాలులు మెత్తబడతాయి. పసిఫిక్ పడమటి వైపు పోగుపడి ఉన్న వేడినీళ్ళు తూర్పుకి జారి పెరూ ఒడ్డును కప్పేస్తాయి. చేప లోతుకో దక్షిణానికో పోతుంది, పక్షులు ఆకలితో చస్తాయి, ఎడారిలో వరదలొస్తాయి. ఇది క్రిస్మస్ రోజుల్లో ఎక్కువగా కనబడుతుందని అక్కడి జాలర్లు బాలయేసు పేరు పెట్టారు. అదే ఎల్ నీనో. అటు వాన పెరిగిన సంవత్సరం ఇటు ఇండోనేషియా, ఆస్ట్రేలియా, ఇండియాల్లో వాన తగ్గడానికి అవకాశం ఎక్కువ. అవకాశం అనే అంటున్నాను. 1997లో ఎల్ నీనో చాలా గట్టిది, అయినా మన దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. 2002లో అంత గట్టిది కాకపోయినా దేశమంతా ఎండింది. ‘ఎల్ నీనో వస్తే కరువే’ అని వ్యాసంలో రాయకండి, మార్కులు పోతాయి.

ఇక ఆ పక్షుల సంగతి. వాన పడదు కాబట్టి వాటి రెట్టలో ఉన్న నత్రజని కొట్టుకుపోదు. పెరూ తీరంలోని చించా దీవుల్లో వేల ఏళ్ళుగా పడిన రెట్ట కొన్ని చోట్ల 50 మీటర్ల ఎత్తున గట్టిపడి ఉండేది. తెల్లవాళ్ళు రాకముందు పెరూను ఏలిన ‘ఇంకా’ రాజుల కాలం నుంచే అక్కడి రైతులకు దాని విలువ తెలుసు. హంబోల్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1804లో నమూనాలు యూరప్‌కి పట్టుకెళ్ళాడు. 1840 ప్రాంతంలో ఓడలు ఎత్తడం మొదలైంది. నలభై ఏళ్ళలో కోటి టన్నులకు పైగా పక్షి రెట్ట ఇంగ్లండ్, అమెరికా, యూరప్ పొలాల్లో చల్లారు. మన రైతు గొర్రెల మంద కట్టించుకోవడానికి కాపరితో బేరమాడుతున్న రోజుల్లో ఇంగ్లండ్ రైతు సముద్రాల అవతలి నుంచి ఎరువు తెప్పించుకుంటున్నాడు. 1856లో అమెరికా ఒక చట్టం చేసింది: ఎవరిదీ కాని దీవిలో పక్షి రెట్ట కనిపిస్తే తమ పౌరుడు దాన్ని అమెరికా తరఫున స్వాధీనం చేసుకోవచ్చని. రెట్ట కోసం చట్టం! మొదటిసారి చదివినప్పుడు జోకేమో అనుకున్నాను.

తవ్వింది ఎవరన్నది జోకు కాదు. 1849 నుంచి 1874 దాకా పెరూకి సుమారు లక్ష మంది చైనా కూలీలను ఒప్పంద కాగితాల మీద తెచ్చారు. కొందరు చెరకు, పత్తి తోటలకు, కొందరు ఈ దీవులకు. కళ్ళు, ఊపిరితిత్తులు మండే ఆ దుమ్ములో పని. అదే రోజుల్లో, అలాంటి కాగితాల మీదే, మద్రాసు రేవు నుంచి మన తెలుగువాళ్ళు కూడా ఓడలెక్కారు. 1860లో నేటాల్‌కు (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది) వెళ్ళిన మొదటి ఓడ ‘ట్రూరో’లో తెలుగువాళ్ళున్నారు. మారిషస్‌కు అంతకుముందు నుంచే వెళ్తున్నారు. ఆ దేశాల్లో ఇప్పటికీ తెలుగు ఇంటిపేర్లు ఉండటానికి కారణం ఇదే.

రెట్ట అడుగంటాక అందరి కన్నూ పక్కనే అటకామా ఎడారిలో ఉన్న నైట్రేట్ ఉప్పు మీద పడింది. దానికోసం 1879లో చిలీ ఒకవైపు, పెరూ, బొలీవియా ఒకవైపు యుద్ధానికి దిగాయి. బొలీవియా సముద్రతీరం మొత్తం పోగొట్టుకుంది. పెరూ దక్షిణాన కొంత భాగం చిలీకి పోయింది. ఆ ఉప్పుతోనే పేలుడు మందు కూడా చేస్తారు. దాని మీద ఆధారపడటం ఇష్టంలేని జర్మనీలో హేబర్ 1909లో గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తీసి చూపించాడు, 1913లో ఫ్యాక్టరీ నడిచింది. మన పొలంలో పడుతున్న యూరియా కట్ట పుట్టింది అక్కడే. ఈ కథ ఇంకా పెద్దది, ఇక్కడితో ఆపుతున్నాను. అసలు చెప్పాలనుకున్నది 1876 గురించి.

ఆ ఏడు ధాత నామ సంవత్సరం. దక్కన్‌లో నైరుతి వానలు మొహం చాటేశాయి, తర్వాత ఈశాన్య వానలూ అంతే. 1877లో పసిఫిక్‌లో గట్టి ఎల్ నీనో, మళ్ళీ వానలు వెనకబడ్డాయి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. ఇప్పటి అనంతపురం అప్పుడు బళ్ళారిలో భాగమే, విడిజిల్లా అయింది 1882లో. దేశం మొత్తం మీద చనిపోయినవాళ్ళ లెక్క 55 లక్షల నుంచి కోటి దాకా రకరకాలుగా చెబుతారు. తక్కువ అంకె తీసుకున్నా ఊళ్ళకు ఊళ్ళు.

ఇందులో వానకు సంబంధించింది అంతే. మిగతాది చూడండి.

కరువుకు పదిహేనేళ్ళ ముందు, 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. మన పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. బళ్ళారి, కర్నూలు నల్లరేగడిలో పత్తి వేసిన రైతు చేతిలో డబ్బు ఆడింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర పడింది. అప్పటికి చేసిన అప్పులు, కట్టాల్సిన శిస్తు మాత్రం తగ్గవు కదా. రైత్వారీలో, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతిలో, అది రూపాయల్లోనే కట్టాలి. కాబట్టి 1876 నాటికి చాలా ఇళ్ళలో పాతరలో జొన్నలు తక్కువ, షావుకారు దగ్గర పత్రాలు ఎక్కువ.

రెండోది వెండి. 1870ల మొదట్లో జర్మనీ బంగారు నాణేనికి మారి పాత వెండిని మార్కెట్లోకి వదిలింది. మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. వెండి ధర పడింది, వెండి నాణెమైన మన రూపాయీ పడింది. రెండు షిల్లింగుల (24 పెన్నీల) దగ్గరున్న రూపాయి 1890ల నడుమకు 13 పెన్నీలకు దిగింది. రూపాయి పడితే లండన్ వ్యాపారికి మన గోధుమ చవక. 1869లో సూయజ్ కాలవ తెరిచారు, 1870లో టెలిగ్రాఫ్ తీగ పడింది. లండన్ ధర ఇక్కడి వ్యాపారికి అదే రోజు తెలుస్తోంది. ఒకపక్క దక్షిణాన జనం చస్తుంటే, 1877–78లో 3 లక్షల టన్నులకు పైగా గోధుమ ఇండియా నుంచి యూరప్‌కి వెళ్ళింది. ఉత్తరాది గోధుమ దక్షిణాదివాళ్ళు తింటారా అని ఒకాయన నాతో వాదించాడు. తినేవాళ్ళే. కొనడానికి డబ్బులు లేవు.

మూడోది రైలు. 1871కల్లా మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరుకు లైను పూర్తయింది. కరువు చోటికి రైలు ధాన్యం తెస్తుందని అధికారుల ధీమా. తెచ్చింది కూడా, కొనగలిగినవాళ్ళకు. అదే రైలు మీద, ధర ఇంకా పెరుగుతుందని వాసన తగిలిన వ్యాపారులు పల్లెల్లోని ధాన్యాన్ని పెద్ద ఊళ్ళ గోదాములకు లాగేశారు. కూలీకి పని లేదు, రైతుకు పంట లేదు. సాలెవాళ్ళ పరిస్థితి మరీ ఘోరం, తిండికే లేనప్పుడు బట్ట ఎవడు కొంటాడు? బజారులో బియ్యం బస్తాలు కనిపిస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు ధవళేశ్వరం వైపు తిరగండి. 1832–33లో గుంటూరును ఊడ్చేసిన నందన కరువు లాంటివి చూశాకే ప్రభుత్వం గోదావరి మీద ఆనకట్టకు ఒప్పుకుంది. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ధాత కరువు నాడు ఈ రెండు డెల్టాల్లో కాలవలు పారాయి, వరి పండింది. కరువు వల్ల ధర పెరిగింది కాబట్టి ఆ వరికి మంచి రేటు పలికింది. ఎగువ జిల్లాల నుంచి జనం కూలికి ఇటు నడిచొచ్చారు. ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాల్లో ఒకదానికి ఆ ఏడు శ్మశానం, ఇంకోదానికి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న ఏడు. మా గోదావరి జిల్లావాళ్ళం మా కష్టార్జితం అని గొప్పగా చెప్పుకుంటాం. కొంత నిజమే. కొంత మాత్రం ఆనకట్ట ఎక్కడ కట్టారన్న దాన్ని బట్టి వచ్చింది. ఈ మాట మా ఊళ్ళో అంటే తిడతారు.

సర్కారు ఏం చేసింది? వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిపించాడు. అదే నెలలో ఖర్చు తగ్గించమని రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. టెంపుల్ పెట్టిన కూలి, రోజంతా మట్టిపని చేసే మగమనిషికి 450 గ్రాముల ధాన్యం, ఒక అణా. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఇంట్లో డబ్బా తీసుకుని 450 గ్రాముల బియ్యం కొలిచి చూడండి. పప్పు లేదు, నూనె లేదు, ఎండలో గడ్డపార. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఈ తిండితో మనిషి నిలబడడని గట్టిగా పోట్లాడాడు. కొన్ని నెలల్లోనే కూలి పెంచక తప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది వదిలేస్తారు. ఇదే టెంపుల్ మూడేళ్ళ ముందు, 1873–74లో, బీహార్‌లో కరువు వస్తే బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించి ముందే పంచాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా గడిచింది. అందుకు మెచ్చుకోవాల్సిందిపోయి డబ్బు తగలేశావని పైవాళ్ళు చీవాట్లు పెట్టారు. 1877లో ఆయనలో గీచి గీచి ఖర్చు పెట్టే మనిషి కనిపించడం వెనక ఆ చీవాట్లు ఉన్నాయి. మనిషీ అతనే, కరువూ కరువే, పద్దు పుస్తకం చూసే కన్ను మారింది. ‘వాన లేక చనిపోయారు’ అని సరిపెట్టేవాళ్ళకు ఈ బీహార్ ఉదాహరణ చూపించండి. ‘అంతా తెల్లవాడి కుట్ర’ అనేవాళ్ళకు చూపించినా పనికొస్తుంది.

కరువు తర్వాత 1878లో కమిషన్ వేశారు, 1880లో అది నివేదిక ఇచ్చింది, ఆపైన కరువు నియమావళి వచ్చింది. పంట పోయిన చోట పనులు పెట్టాలి, కూలి ఇవ్వాలి అన్న పద్ధతి కాగితం మీదకెక్కింది. దాని లోపాలు దానికున్నాయి గానీ ఆలోచన బతికింది. 1972లో మహారాష్ట్రలో పెద్ద కరువు వచ్చినప్పుడు (ఆ ఏడూ ఎల్ నీనోయే) ఉపాధి హామీ పథకంగా మారింది, 2005లో దేశానికంతా చట్టమైంది. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టిన ఊరు అనంతపురం జిల్లా బండ్లపల్లి. టెంపుల్ కూలి కొలిచిన నేల అదే. వ్యాసానికి ఇంతకంటే మంచి ముడి దొరకదు.

వానల గుట్టు విప్పాలన్న తాపత్రయం కూడా ఈ కరువులతోనే గట్టిపడింది. మన వాతావరణ శాఖ పెట్టింది 1875లో. 1896, 1899 కరువులు కూడా చూశాక, 1904లో గిల్బర్ట్ వాకర్ అనే లెక్కల పండితుణ్ణి అధిపతిగా తెచ్చారు. ఆయన వాన చూసి చెప్పలేదు, అంకెలు చూసి చెప్పాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడి గాలి ఒత్తిడి, వేడి, వరద లెక్కలు తెప్పించి గుమాస్తాలతో ఒకదానికొకటి పోల్చి చూపించాడు. పసిఫిక్‌లో ఒకవైపు ఒత్తిడి పెరిగితే ఇంకోవైపు తగ్గుతుంది, ఉయ్యాల బల్లలాగా. అది మన వానలతో కలుస్తుంది. 1920లలో దానికి ‘సదరన్ ఆసిలేషన్’ అని పేరు పెట్టాడు. ఆ ఉయ్యాలకూ పెరూ జాలర్ల వేడినీళ్ళకూ ఉన్న లంకెను బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త 1969లో వివరించాడు. మా మేనేజరు గారు కాఫీతో చూసే అంకె అక్కడి నుంచి వచ్చింది.

ఇక ఫిష్‌మీల్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా, యూరప్‌లలో కోళ్ళు ఫ్యాక్టరీ పద్ధతిలో పెంచడం మొదలైంది. వాటికి చవకగా మాంసకృత్తులు కావాలి. పెరూలో పక్షులు తినే ఆంకోవెటాను ఈసారి మనుషులే నేరుగా పట్టి, ఎండబెట్టి, పొడి చేసి ఎగుమతి చేశారు. 1970లో కోటీ ఇరవై లక్షల టన్నుల దాకా పట్టారు. ప్రపంచపు సముద్ర చేపలో అయిదో వంతు, ఒక్క తీరంలో, ఒక్క జాతి! 1972లో నీళ్ళు వేడెక్కాయి. ముందే ఎక్కువ పట్టేశారు, దాని మీద ఎల్ నీనో. 1973కి ఇరవై లక్షల టన్నులు కూడా రాలేదు. ప్రభుత్వం ఆ పరిశ్రమ మొత్తాన్ని జాతీయం చేసింది.

కోళ్ళకు పొడి లేదు కాబట్టి అందరూ సోయా చెక్క కోసం ఎగబడ్డారు. ధర ఎంత పెరిగిందంటే 1973 జూన్ 27న అమెరికా సోయా ఎగుమతులు ఆపేసింది. జపాన్‌కు దాదాపు సోయా అంతా అమెరికా నుంచే. సోయాతో చేసే టోఫు, మిసో లేకపోతే వాళ్ళకు మనకు పప్పు, చింతపండు లేనట్టే. ఆ నిషేధం నెలల్లోనే ఎత్తేశారు గానీ జపాన్ మళ్ళీ నమ్మలేదు. బ్రెజిల్ వెళ్ళి, సెరాడో అనే పుల్లటి మట్టి గడ్డి మైదానాల మట్టిలో సున్నం కలిపించి, 1979 ఒప్పందంతో డబ్బు పెట్టింది. బ్రెజిల్ ప్రభుత్వం తన పరిశోధన తాను చేసింది. ఇవాళ ప్రపంచంలో సోయా ఎక్కువ పండించేదీ, ఎగుమతి చేసేదీ బ్రెజిలే. కోట్ల ఎకరాల సెరాడో పోయింది. చేప దొరకని ఒక్క సీజన్‌తో ఇదంతా అయిందని నేను అనను, అయ్యేది కొంచెం ముందే అయ్యేట్టు చేసింది.

ఇప్పుడు మా ఫ్యాక్టరీ గేటు లోపలికి రండి. రొయ్య పెంచడానికయ్యే ఖర్చులో సగానికి పైగా మేతకే. మేతలో ముఖ్యమైనవి ఫిష్‌మీల్, సోయా. మేం వాడే ఫిష్‌మీల్ ఎక్కువగా పెరూది కాదు, మంగళూరు, గోవా, రత్నగిరి వైపు నూనె కవళ్ళు అనే చేపలతో చేసింది. మరి పెరూ నీళ్ళతో పనేంటి? పెరూలో చేపల వేట సీజన్ రద్దయితే చైనా కొనుగోలుదారు ఊరుకోడు, ఫోన్ చేసేది మంగళూరుకే. సాయంత్రానికి మాకు కొత్త రేటు వస్తుంది.

దీన్ని నేను ఒకసారి చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. 2014లో పెరూలో నీళ్ళు వేడిగా ఉన్నాయని తెలుసు. “తగ్గుతుందిలే” అనుకుని నిల్వ పెట్టలేదు. ఆ ఏడాది రెండో సీజన్ మొత్తం రద్దు చేశారు, అంతర్జాతీయ ధర టన్ను 2,000 డాలర్లు దాటింది. నెల ముందు కొని ఉంటే మిగిలేది ఎంతో మా యజమాని నోటి లెక్కగా చెప్పాడు, అందరి ముందూ. 2021లో ఇంకో రకం దెబ్బ. దేశంలో సోయా గింజలు క్వింటా పది వేలు దాటాయి. కోళ్ళ రైతులు, చేపల రైతులు గగ్గోలు పెడితే ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. ఆ నెలలో ఫోనెత్తాలంటేనే టెన్షన్.

చెరువులో రొయ్య కూడా పరాయిదే. 1990లలో మనవాళ్ళు పెంచింది టైగర్. నెల్లూరు చుట్టూ వరి చేలు చెరువులయ్యాయి, 1994–95లో వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి చాలామందిని నేల మీద కూర్చోబెట్టింది. 2009 నుంచి వనామీ అనే ఇంకో జాతి రొయ్యకు అనుమతిచ్చారు. ఈ వనామీ పుట్టిల్లు ఎక్కడనుకున్నారు? మెక్సికో నుంచి ఉత్తర పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. ఆ సముద్రం వేడెక్కితే ఆంకోవెటా పారిపోతుంది గానీ వనామీ పిల్లకు మాత్రం పండగే. 1982–83 ఎల్ నీనోలో ఈక్వడార్ తీరంలో సహజంగా దొరికే రొయ్య పిల్ల విపరీతంగా వచ్చింది, అక్కడ చెరువుల తవ్వకానికి అది ఊపునిచ్చింది. ఇవాళ ఏడాదికి పది లక్షల టన్నులకు పైగా ఎగుమతి చేసి మన ధర పడగొడుతున్నది ఆ ఈక్వడారే.

మనకూ ఇంకొకరి నష్టం కలిసొచ్చిన రోజులున్నాయి. 2013లో థాయ్‌లాండ్‌లో కొత్త జబ్బుతో చెరువులు ఖాళీ అయ్యాయి, అమెరికా కొనుగోలుదారులు మన వైపు తిరిగారు. భీమవరంలో కొత్త కార్లు, కొత్త మేడలు ఆ రెండేళ్ళవే ఎక్కువ. ధాత కరువు నాడు డెల్టా వరికి వచ్చిన రేటు లాంటిదే ఇది. 2025లో బంతి అటు వెళ్ళింది. ఏప్రిల్‌లో అమెరికా పన్నుల ప్రకటన రాగానే, పన్ను ఇంకా పడకముందే, ఇక్కడ కౌంట్ ధరలు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధరలు) తగ్గించేశారు. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది, పాత యాంటీ డంపింగ్ సుంకాలు దానికి అదనం. ఈక్వడార్ మీద అప్పుడు 15 శాతం. చెరువులో రొయ్యకు జబ్బు లేదు, నీటికి లోటు లేదు, అయినా రైతు మునిగాడు.

పరీక్షకు ఇదంతా రాయలేరు. ఒక్క పేజీ అయితే ధాత కరువు పట్టుకోండి: వాన, పత్తి, వెండి, రైలు, డెల్టా, బండ్లపల్లి. రెండో పేజీ ఇస్తే 1972–73 ఆంకోవెటా, సోయా రాయండి. యుద్ధాలు, ఒప్పందాల జాబితా ఎవరైనా రాస్తారు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 2023 ఆగస్టు. దేశంలో 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదు. ఆ వేసవిలోనే పెరూ మొదటి సీజన్ రద్దు చేసింది, మేత ధర దిగలేదు, రొయ్య ధర లేవలేదు. అప్పటికి నేను రిటైరయ్యాను, తెలిసినవాళ్ళ చెరువు చూద్దామని నెల్లూరు జిల్లాలో బకింగ్‌హామ్ కాలవ ఒడ్డుకు వెళ్ళాను. ఆ కాలవ ముక్కముక్కలుగా ముందు నుంచీ తవ్విందే. మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలిపే ముక్కను మాత్రం ధాత కరువు కూలీల చేత తవ్వించారు, అప్పటి గవర్నరు పేరే మొత్తం కాలవకు పెట్టారు. రైతు గట్టు మీద నుంచి చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) లాగాడు. వేసిన మేతలో సగం అలాగే ఉంది. ఒక రొయ్యను తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నడుము పొడుగునా నల్లటి గీత ఉండాలి, మేత తిన్న గుర్తు. ముక్కలు ముక్కలుగా ఉంది. “వాన లేదు సార్, ఉప్పు పెరిగిపోయింది, తినడం లేదు” అన్నాడు. వెనకాల మోటారు కాలవలోంచి నీళ్ళు తోడుతూనే ఉంది. “ఈ కోతయ్యాక మళ్ళీ సీడ్ వెయ్యమంటారా?” అని అడిగాడు, అంటే కొత్త రొయ్య పిల్ల. ఫోన్ తీసి పెరూ అంకె చూశాను. ఇంకా ఎర్రగానే ఉంది. అక్టోబరు దాకా ఆగమన్నాను. ఆగితే లీజు డబ్బు ఎవరు కడతారని అడిగాడు.